పుట్టింటి చేలో దిగిన ప్రెసిడెంటమ్మ

పరదా లేని జీపులోంచి ఉమామహేశ్వరమ్మ ఆళ్లగడ్డ బజారులో దిగిన రోజు దుకాణాల్లో బేరాలు ఆగిపోయాయి. ఆమె వెనకే లూదియా టీచరు దిగింది. మిషన్ బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి ఆమె. ఉమామహేశ్వరమ్మ కూతుళ్లకు ఇంటికెళ్లి చదువు చెబుతూ ఆ తల్లికి దగ్గరైంది. ఓట్లడగడానికి తోడు రమ్మంటే కాదనలేకపోయింది.

ఉమామహేశ్వరమ్మ పుట్టిల్లు ఆ దగ్గర్లోని చింతలదిన్నె. ఒకప్పుడు పాళెగాళ్లుగా ఆ చుట్టుపక్కల ఏలిన వంశం. మెట్టిన ఇల్లు ఆళ్లగడ్డలో, దానికి తీసిపోనిదే. ఆ ఇళ్ల ఆడవాళ్లు అహోబిలం వెళ్లినా గుడ్డ కట్టిన బండిలోనే వెళ్లేవారు. ఎనభై ఒకటిలో పంచాయతీ సమితి ఎన్నికలొచ్చాయి. తమ్ముడు ఓబుళరెడ్డి, తన మీద కేసు నడుస్తుండడంతో, భర్త పోయి ఇంట్లో ఉన్న అక్కను నిలబెట్టాడు.

“పేరు నీది, పని నాది. నువ్వు ఇల్లు కదలాల్సిన పని ల్యాదక్కా” అన్నాడు.

ఆమె కదిలింది. ఊరూరా తిరిగింది. గెలిచి, అంతవరకూ ఏ ఆడమనిషీ కూర్చోని సమితి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుంది. మొదట్లో తమ్ముడు చూపిన చోటల్లా సంతకం పెట్టింది. తర్వాత చదివి పెట్టడం మొదలుపెట్టింది. అప్పటినుంచే ఓబుళరెడ్డి అక్కగారింటికి రావడం తగ్గించాడు.

ఎనభై మూడు చలికాలంలో లూదియా తండ్రి ప్రభుదాసు చనిపోయాడు. వాళ్లదీ చింతలదిన్నే, ఊరి చివర క్రైస్తవుల పేట. పేటవాళ్లు శవపెట్టెను మోసుకుని, తమవాళ్లను పాతిపెట్టే కాలవ పక్కనున్న గోరీల మిట్టకు వెళ్లారు. అక్కడ మిట్ట లేదు. ఓబుళరెడ్డి మనుషులు ఆ వానాకాలంలోనే గోరీలను చదును చేసి చేనులో కలుపుకున్నారు. జొన్న మోకాలెత్తు పెరిగి ఉంది. లూదియా తల్లి గోరీ ఎక్కడుందో కూడా తెలియలేదు. పెట్టెను గట్టు మీద దించి, అందరూ నిలబడిపోయారు.

“టీచరమ్మా, ప్రెసిడెంటమ్మకు కబురు పంపుదామా?” అన్నాడు పాస్టరు పరంజ్యోతి.

“వద్దు. ఆ యమ్మ పుట్టిల్లది. తమ్ముని మీదికి ఎట్ల రమ్మనేది?” అంది లూదియా.

కబురు పంపకుండానే జీపు వచ్చింది. చావు సంగతి విని పలకరించడానికి బయల్దేరిన ఉమామహేశ్వరమ్మ, జనాన్ని చూసి కాలవ గట్టున ఆగింది. జరిగింది పరంజ్యోతి చెప్పాడు. అంతలోనే ఓబుళరెడ్డి నలుగురితో వచ్చాడు.

“అక్కా, ఇది మన చేను. నువ్వు ఇంటికి పో.”

“ఇది ఎప్పటినుంచి మన చేనైంది ఓబుళా? చిన్నప్పుడు ఈడ గోరీలు చూసినా నేను.”

“సాక్ష్యం చెప్తాండావా నా మీద?”

ఆమె చెప్పులు గట్టున విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని జొన్నలోకి దిగింది. కొంతదూరం పోయి ఆగింది. “ఈడ తవ్వండప్పా” అంది. ఎవరూ కదల్లేదు. “నేను నిలబడింటా. తవ్వండి.”

అప్పుడు పరంజ్యోతే పార అందుకున్నాడు. ఓబుళరెడ్డి మనుషులు యజమాని ముఖం చూశారు. ప్రెసిడెంటు మీద, పైగా ఆ ఇంటి ఆడబిడ్డ మీద చెయ్యెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

“ఈ పొద్దుతో నీకు పుట్టిల్లు ల్యాదు” అని ఓబుళరెడ్డి వెళ్లిపోయాడు. పెట్టె మీద మట్టి వేసేవరకూ ఉమామహేశ్వరమ్మ ఆ చేలోనే నిలబడింది. తర్వాత సర్వే చేయించి హద్దురాళ్లు పాతించింది.

తమ్ముడు మాట తప్పలేదు. ఏడాది తిరిగాక వాళ్లమ్మ చనిపోతే అక్కకు కబురు పెట్టలేదు. పేటవాళ్ల ద్వారా విని లూదియా పరుగెత్తుకొచ్చి చెప్పింది. ఇద్దరూ వెళ్లేసరికి పుట్టింటి వాకిలి తలుపులు మూసి ఉన్నాయి. ఉమామహేశ్వరమ్మ తట్టలేదు, గట్టిగా ఏడవలేదు. వీధిలో ఎండలో నిలబడింది. పేట ఆడవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి ఆమె వెనక నిలుచున్నారు. పాడె బయటికి వచ్చింది. చుట్టూ మగవాళ్లు కమ్ముకుని నడిచారు. తల్లి ముఖం ఆమెకు కనపడలేదు. పోతున్న పాడెకు చేతులెత్తి మొక్కింది.

ఆ తర్వాత సమితులు రద్దయి మండలాలొచ్చాయి. ఏ పార్టీ ఆమెను పిలవలేదు. పెద్దకూతురు దగ్గరికి నంద్యాల వెళ్లిపోయింది. లూదియా బస్సెక్కి అప్పుడప్పుడూ చూసొచ్చేది.

ఒకసారి లూదియా ఉండబట్టలేక అడిగేసింది. “మా నాయన కోసరం మీ యమ్మ కడచూపు పోగొట్టుకుంటిరే. తప్పు చేసినానని యాపొద్దన్నా అనిపించిందామ్మా?”



“అమ్మ ముఖం చూడల్యాకపోతినే అని రోజూ ఏడుస్తాండా. అది పొయ్యేది కాదు. చేలోకి దిగినందుకు మాత్రం ఒక్కపొద్దూ ఏడ్వల్యా” అంది ఉమామహేశ్వరమ్మ.

లూదియా ఆమె చేయి పట్టుకుని, చివరి బస్సు వేళ వరకూ అలాగే కూర్చుంది.