ఆర్.సి.లో తెలుపు, బండి నీలం

ఈ రోజు పొద్దున్న ఒక మనిషి తెచ్చిన బండిని, పదిమంది వింటూండగా, దొంగబండి అన్నాను. తప్పు నాదేనని తెలుసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు గాని, ఆ మాట నా నోట్లోంచి బయలుదేరి పక్క బల్ల చేరడానికి అంతకన్నా తక్కువసేపే పట్టింది. మనకు బాగా తెలుసనుకున్న సంగతి దగ్గరే మనం నోరు జారుతాం. నా ఈడువాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

మా చెల్లెలి కొడుకు నెల్లిమర్ల చుట్టుపక్కల పండే కూరగాయలు విజయనగరం మార్కెట్టుకి తోలుకోవడానికి పాత సరుకుల ఆటో ఒకటి కొనాలని కొన్నాళ్లుగా తిరుగుతున్నాడు. బండి కాగితాలు చదవడంలో మా బంధువర్గంలో నన్ను మించినవాడు లేడని నాకు ఒక పేరుంది. దాన్ని నలుగురిలో మోసుకు తిరిగింది కూడా చాలావరకు నేనే. పూసపాటిరేగ దాటి లోపలికి వెళ్తే తగిలే ఒక సముద్రపు ఊరి నుంచి భార్యాభర్తలిద్దరు బండి తెచ్చారనీ, విజయనగరంలో పాతబండ్ల బ్రోకర్లు కూర్చునే టీ కొట్టు దగ్గర ఆపారనీ వాడు ఫోన్ చేస్తే, పిలవడమే చాలనుకుని వెళ్లాను. సముద్రంలో చేపలవేట మళ్లీ మొదలయ్యేలోగా పడవ ఇంజను బాగుచేయించుకోవాలి, అందుకని బండి అమ్మేస్తున్నారు. మరో దారి వాళ్లకి లేదు.

ఆర్.సి. కార్డు చేతికి తీసుకుని, మేనల్లుడికి పాఠం చెబుతున్నట్టు, నిజానికి చుట్టూ ఉన్న బ్రోకర్లు వినాలని, ఒక్కొక్క వరసా పైకి చదివాను. యజమాని పేరు, తండ్రి పేరు అమ్మే మనిషివేనా చూడాలి. బండి ఎన్నో యజమాని చేతిలో ఉందో చూడాలి. తయారైన నెల, ఏడాది వేరు, రిజిస్టరైన తేదీ వేరు. బండి వయసు మొదటిదాన్ని బట్టే ఎంచాలి. ఖాళీ బరువుకీ సరుకుతో ఉండదగ్గ బరువుకీ ఉన్న తేడాయే అది మోయగలిగింది. ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే అప్పు తీరిందన్న కాగితం అడగాలి. సరుకు బండి గనక ఫిట్‌నెస్ గడువు విడిగా చూసుకోవాలి. అన్నీ చెప్పాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి రంగు అన్నచోట తెలుపు అని ఉంది. తలెత్తి చూస్తే ఎదురుగా ఉన్న బండి ముదురు నీలం.

ఇలాంటప్పుడు చేయవలసిన పని ఒకటుంది. బండి చట్రం మీద లోతుగా గుద్ది ఉండే ఛాసిస్ నంబరును కార్డులో నంబరుతో పోల్చి చూడాలి. దానికి కింద పడుకోవాలి. నాకు నడుము నొప్పి. పైగా చదివింది చాలనిపించింది. కార్డు బల్ల మీద పడేసి, రంగు మార్చిన బండి అంటే అది దొంగబండేరా, వద్దు, అన్నాను.

ఆ మనిషి బల్ల దగ్గరకొచ్చాడు. కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు.

"దొంగబండైతే పట్టపగలు పెళ్లాన్నెక్కించుకోని తెస్తాడేటి బాబూ? అంత సదూకున్నారు, ఒక్క మాట అడిగితే మీ సొమ్మేటి పోనాది?"

బండి వెనక్కి తిప్పుతుంటే అప్పుడు చూశాను. సరుకెత్తే వెనక డాలా అంచున రంగు కారి గట్టిపడి ఉంది, అందులో కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది. దొంగబండికి రంగు వేసేవాడు స్ప్రే మిషనుతో కొడతాడు. కుంచెతో, అంత మందంగా, అంత ధారాళంగా వేసే రంగు ఏదో నాకు తెలుసు. అది పడవ రంగు. ఒకప్పుడు నా చేతులతో నేనూ వేసిన రంగు. నేను పిలిచేలోగా బండి మలుపు తిరిగిపోయింది.

మాదీ వలలు వేసే ఇల్లే. అక్కని శ్రీకాకుళం అవతల, కళింగపట్నం వైపు ఒక ఊరికి ఇచ్చారు. బావ కొన్నేళ్లు వేటకు వెళ్లి, భుజం జారిన తర్వాత తెడ్డు పట్టలేక, ఒక ముసలి వ్యాను కొని చేపలు తోలడం మొదలుపెట్టాడు. నేను అప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ అయిందనిపించుకుని, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ, ఇంట్లో అన్నం తినడానికి మొహం చెల్లక తిరుగుతున్నాను. అక్క కబురు పెట్టింది. చదువుకున్నవాణ్ణి గనక కాగితాలు నా చేతిలో పెట్టి, బావ పక్క సీటులో కూర్చోబెట్టారు. తెల్లారేసరికి రేవులో చేపలు ఎత్తుకుని, ఐసు కొట్టి పరిచి, రణస్థలం మీదుగా నెల్లిమర్లకీ విజయనగరానికీ తోలేవాళ్లం. జూటు మిల్లులో జీతాలిచ్చే రోజైతే నెల్లిమర్లలోనే సగం బండి ఖాళీ అయ్యేది. ఆ రోజు ఖరీదైన పండుగప్ప చేపలు వేరే బుట్టలో, అందరికీ కనిపించేలా, పైన పెట్టేవాడు బావ.

అప్పట్లో ఆర్.సి. అంటే చిన్న పుస్తకం. ప్లాస్టిక్ కవరులో, దాని మీద గుడ్డసంచిలో, సీటు వెనక దాచేవాళ్లం, అయినా తెరిస్తే చేపల వాసన కొట్టేది. రవాణా ఆఫీసులో గుమాస్తా దాన్ని వేళ్ల చివర్లతో పట్టుకునేవాడు. అందులో ఉన్నది నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒక్కొక్క గడీ ఒక్కొక్క చిక్కులో పడ్డాక అర్థమైంది. ఎందరు కూర్చోవచ్చు అన్న అంకెలో డ్రైవరు కూడా లెక్కేనన్న సంగతి, చేపలమ్మే మా పెద్దమ్మలిద్దరిని ముందు ఎక్కించుకున్న రోజున తెలిసింది. బరువుల సంగతి దారిలో బండ్లు తూచేచోట, బరువు ఎక్కువైందని ఆపినప్పుడు తెలిసింది. ఆ రోజు బావ నాతో వేసుకున్న వాదన తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

"ఒరే బామ్మర్దీ, బండిలో సగం ఐసేరా. నెల్లిమర్ల వెళ్లేతలికి కరిగి కారిపోతాది. అక్కడ తూస్తే సరిగ్గానే ఉంటాది కదా, ఇక్కడ తూస్తే మన తప్పేటి?"

ఈ మాట తూకం మనిషికి చెప్పమని నన్ను తోశాడు. నేను చెప్పలేదు.

ఇక రంగు. సముద్రం పక్కన ఇనుము బతకదు. ఉప్పుగాలి ఒకవైపు, చేపల బుట్టల్లోంచి కారే నీళ్లు ఒకవైపు, రెండేళ్లలో రేకు బిస్కెట్టులా విరుగుతుంది. వేట నిలిపేసే రోజుల్లో ఊళ్లో అందరూ పడవలు ఒడ్డుకు లాగి, గీకి, రంగులు వేసుకుంటారు. ఆ రంగు చిక్కగా ఉంటుంది, ఉప్పుకి ఓర్చుకుంటుంది, పైగా ఖరీదైనది, అందుకని మిగిలింది పారబోసే అలవాటు మా ఇళ్లలో లేదు. పడవ తర్వాత ఇంటి తలుపు, తర్వాత కిటికీ, సైకిలు, నీళ్ల డ్రమ్ము. అన్నీ అయినా డబ్బా అడుగున ఇంకా ఉంటే పిల్లలు మేకల కొమ్ములకి పూసేవారు. అలా ఒక ఇంటి వస్తువులన్నిటికీ ఒకే రంగు వచ్చేది, సంతలో దూరం నుంచి సైకిలును చూసి ఫలానావాళ్లు వచ్చారని చెప్పుకునేవాళ్లం. బావ చిన్నాన్న పడవ ఆకుపచ్చ. ఒక ఏడాది మా వ్యాను కూడా ఆకుపచ్చ అయింది. నేనూ అక్కా చెరోవైపునుంచి కుంచెలతో వేసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నాం. అక్క వైపు నున్నగా వచ్చింది, నా వైపు కారింది. పుస్తకంలో రంగు మీగడ రంగని రాసి ఉన్న సంగతి, రోజూ ఆ పుస్తకం మోసే నాకు తట్టనే లేదు.

మిల్లు జీతాల రోజునే, నెల్లిమర్ల ఇంకా కొంచెం దూరం ఉందనగా, రవాణా అధికారి ఒకాయన బండి ఆపాడు. పుస్తకం చూశాడు, వ్యాను చూశాడు, నన్ను చూశాడు. ఐసు నీళ్లు రోడ్డు మీద ధారకడుతున్నాయి. చేపలు పాడైతే ఆ వారం మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆయన కేకలెయ్యలేదు. రంగు ఎందుకు మారిందని బావని అడిగాడు.

"పడవ రంగు బాబూ. మిగిలిపోనాది."

"పడవ రంగు బండికెందుకయ్యా?"

"తలుపుకీ అదే బాబూ, సైకిలుకీ అదే. మా మేక కొమ్ములకీ అదే. ఈపాలి వచ్చినప్పుడు మేకని తెస్తాను, సూసుకోండి."

ఆయన నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. నవ్వాడని వదిలిపెట్టలేదు. నా చేతికి తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి కిందకు దూరమన్నాడు. కిరసనాయిలు గుడ్డతో చట్రం తుడిచి, రంగు పొర గీకి, నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలు అడ్డంగా రుద్దితే, అంకెలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి. చేప నీళ్లు నా మెడ మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఆ కాగితం ఆయన పుస్తకం పక్కన పెట్టి చూసుకుని, బండి మీదేనయ్యా, కాని రంగు మార్చాలంటే ముందు ఆఫీసులో చెప్పి ఇందులో రాయించుకోవాలి, లేకపోతే ప్రతిచోటా ఇలాగే నిలబెడతారు, అని చెప్పి పంపించాడు. ఆ వారంలోనే నేను శ్రీకాకుళం వెళ్లి రాయించాను. ఆ తర్వాతే ఊళ్లో ఎవరు బండి కొన్నా నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు, ఆ తర్వాతే నాకు ఆ పేరు వచ్చింది. ఎప్పుడో ఉద్యోగం దొరికి, విజయనగరంలో స్థిరపడి, బావా పోయి, వ్యానూ తుక్కులోకి పోయాక కూడా ఆ పేరు మాత్రం నాతో ఉండిపోయింది.

ఇప్పుడు బండి నంబరు ఫోనులో కొడితే చాలా వివరాలు కళ్ల ముందుకొస్తాయి. అది మంచిదే, మా కాలంలో ఎంతమంది ఎన్ని మోసాలకు లోనయ్యారో నాకు తెలుసు, ఆ పుస్తకాల రోజులు మళ్లీ రావాలని నేను అనను. అయినా ఒకటి పోయింది. ఆ అధికారికి కాగితం, బండి, మనిషి మూడూ కనిపించాయి, మూడింటినీ అడిగి తెలుసుకునే ఓపిక ఉంది. ఈ రోజు నేను కార్డు చూశాను, రంగు చూశాను. ఎదురుగా నిలబడినవాడు, మా బావలాగే ఉప్పుకి పగిలిన చేతులున్నవాడు, నాకు కనిపించలేదు. చదవడం వచ్చిన కొద్దీ అడగడం మానేశాను. ఇది ఫోను తప్పు కాదు.

మధ్యాహ్నం మేనల్లుణ్ణి స్కూటరు తీయమన్నాను. పూసపాటిరేగ దాటి ఆ సముద్రపు ఊరికి వెళ్లాం. ఊరి మొదట్లోనే తెలిసిపోయింది. ఒడ్డున పడవ నీలం, ఇంటి తలుపు నీలం, గుమ్మంలో నీళ్ల డ్రమ్ము నీలం. ఆ దంపతులిద్దరూ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. తప్పు నాది, అడగకుండా అన్నాను, క్షమించమని చెప్పాను. ఆయన తలూపి పీట జరిపాడు. ఆవిడ సూది ఆపలేదు.

"అన్నది ఆ టీ కొట్టుకాడ. ఇక్కడ సెప్తే ఆల్లకి ఇనిపిస్తాదా? ఇంటికొచ్చేతలికి, బండి సూస్తామన్నోల్లు ఇద్దరు ఫోన్ సేసి బేరం వద్దనేసినారు. ఇంక ఇజీనగరంలో మా బండి ఎవుడు కొంటాడు?"

ఆవిడ చెప్పింది నిజం. మాట ఎక్కడ పడిందో అక్కడే ఎత్తాలి. సాయంత్రం బ్రోకర్లందరూ మళ్లీ చేరే వేళకి వస్తే, అక్కడే చెబుతానన్నాను. వస్తారో రారో అనుకున్నాను. వచ్చారు.

టీ కొట్టు ముందు నిలబడి, పొద్దున్న నేనన్న మాట అబద్ధమనీ, నంబరు చూడకుండా అన్నాననీ, ఇది పడవ రంగనీ, ఆ రంగు నేనూ వేసినవాణ్ణేననీ గట్టిగా చెప్పాను. ఒక బ్రోకరు, మీరన్నారని నమ్మాం, ఇప్పుడూ మీరంటే నమ్మాలా, అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కొట్టులోంచి గోనెసంచి అడిగి తీసుకుని, నేల మీద పరిచి, బండి కిందకు దూరాను. నీలం రంగు నంబరు మీద కూడా మందంగా పేరుకుని ఉంది. గీకి, తుడిచి, కాగితం పెట్టి రుద్ది, ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె పైకి చదివాను. అడిగిన బ్రోకరే కార్డు పట్టుకుని, ఒక్కొక్కదానికీ ఊఁ, ఊఁ అంటూ వచ్చాడు. చివరి అంకె దాకా కలిసింది.

లేవడం నా వల్ల కాలేదు. ఆ మనిషి చెయ్యందించి బయటకు లాగాడు. వీపంతా తుప్పు, మోచేతుల దాకా గీకిన నీలం పొడి. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"సొక్కా రంగు మారిపోనాది బాబూ. మరి దీన్నే ఆఫీసులో రాయించుకుంటారేటి?"

టీ కొట్టు మొత్తం నవ్వింది. ఆవిడ మొగుడూ నవ్వాడు. మేనల్లుడు బండి తనకే కావాలన్నాడు. అమ్మే ముందు కార్డులో రంగు సరిచేయించి ఇస్తానని ఆయన అన్నాడు. రేపు పొద్దున్న ముగ్గురం రవాణా ఆఫీసుకి వెళ్తున్నాం. దరఖాస్తు నేను నింపుతాను. అడగవలసినవన్నీ ఆయన్నే అడిగి నింపుతాను.