రాజలింగం సారు తేర్చిన నీళ్ళు

మా రసాయనశాస్త్రం సారు రాజలింగం గారు కన్నుమూశారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. రాష్ట్రం వచ్చిన సంబరానికి పేల్చిన టపాకాయల కాగితాలు నాచారం గల్లీల్లో ఇంకా ఊడ్వనే లేదు. మూత్రపిండాలు చెడిపోయాయని ఏడాదిగా తెలుసు. నేను ఆయన శిష్యురాలిని. నీటి పరీక్షలు చేసి బతికేదాన్ని. ఐదారేళ్ళు ఆయనతో నలుగురి ముందూ కొట్లాడినదాన్ని.

ఉప్పల్ బడిలో ఆయన కావాలనే బోర్డు మీద ఒక తప్పు సమీకరణం రాసి పాఠం మొదలుపెట్టేవారు. పట్టుకోలేనివాళ్ళకు గోడకుర్చీ. పట్టుకున్నవాళ్ళనూ వదిలేవారు కాదు. "నీకెట్ల దెలుసు బిడ్డా? పుస్తకంల ఉంటే నిజమా? నేను జెప్తే నిజమా? జేసి సూడు" అనేవారు. సంశయమే శాస్త్రానికి తల్లివేరని నేను నేర్చింది ఆ మహానుభావుడి దగ్గరే.

ఆయన రిటైరయ్యాక, పారిశ్రామికవాడ వెనక ఉన్న మా బస్తీలో బోరు నీళ్ళు పచ్చబడ్డాయి. అవి విషతుల్యమని శాస్త్రజ్ఞులు నివేదిక ఇచ్చారు. కంపెనీలు మూతపడితే తమ పనులు పోతాయని జనం బెంబేలెత్తారు. సారు వాళ్ళ పక్షాన నిలబడ్డారు. నివేదికంతా అతిశయోక్తి అని పత్రికలకు లేఖలు రాశారు. బస్తీ మీటింగులో బిందెడు బోరు నీళ్ళలో పటిక తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళు అందరి ముందూ గటగటా తాగారు. "రిపోర్టు రాసినోడు ఈడ ఒక్క దినమన్న ఉన్నడా?" అన్నారు. ఆనాటి నుంచి ఇంటింటా పటికే.

పటిక మట్టిని దించుతుంది, నీటిలో కరిగిన విషాన్ని కాదు. ఈ ముక్క మాకు తొమ్మిదో తరగతిలో చెప్పింది ఆయనే. నా పరీక్షల ఫలితాలు తీసుకెళ్ళి ఆయన ముందు పెడితే, "కంపెనీ బందైతే మీ నాయన ఏడికి పోతడు?" అని అడిగారు. కాగితాలు మడిచి పట్టుకుని వచ్చేశాను. ఆయన కంపెనీలకు అమ్ముడుపోయారని కొందరు రాశారు. పచ్చి అబద్ధం. ఆయన ఇంట్లోనూ అవే నీళ్ళు తాగేవారు. జనం మీది ప్రేమే ఆయన కళ్ళు కప్పింది.

పోయిన చలికాలంలో తనే నా ల్యాబుకు వచ్చారు. పరీక్ష మూడుసార్లు చేశారు. "తప్పు జేసిన బిడ్డా. నన్ను బస్తీకి తీస్కపో" అన్నారు.

తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోబెడితే, "ఈ నీళ్ళు తాగకుండ్రి. నేను జెప్పింది తప్పు" అన్నారు. మా పక్కింటి ఎల్లవ్వ లేచింది. "సారూ, మిమ్ములను ఎవలో బెదిరిచ్చిన్రు. రిపోర్టులు నమ్మద్దని మీరే గద నేర్పిన్రు. ఇప్పుడు మీరు జెప్తే మాత్రం ఎట్ల నమ్మాలె?" అంది. అందరూ తలలూపారు. సారు ఎంత విడమరిచినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆటోలో వస్తూ ఆయన నా చేయి పట్టుకున్నారు. "అనుమానం నేర్పిన గని, రుజువుకు తలొంచుడు నేర్పకపోతి" అన్నారు. ఆ గొంతు తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ నీళ్ళ వల్లనే ఈ జబ్బు వచ్చిందా అని చాలామంది అడుగుతున్నారు. రుజువు లేదు. రుజువు లేనిది పలకొద్దన్న గురువు గనుక పలకను.

అంత్యక్రియలకు బస్తీ అంతా కదిలొచ్చింది. తమ కోసం నిలబడ్డ మనిషని గుండెలు బాదుకుని ఏడ్చారు. నిజమే, ఆయనంత నిజాయితీపరుణ్ణి నేను మళ్ళీ చూడబోను. గురువర్యా, మీ పాదాలకు నా దండాలు. మీ మాట నమ్మి వాళ్ళు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నారు. నా మాట అక్కడ ఎవరూ వినరు. ఎప్పటికైనా వాళ్ళ చేత మాన్పిస్తుందని నేను ఆశపడ్డ ఒక్క గొంతూ కాటిలో కాలిపోయింది.