లారీ మీద బస్తా, నేను గీసిన బాణం

ఫ్లోరెన్స్ పదకొండు ఆదివారాలు జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్లింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టినవాళ్లకి అక్కడి స్టడీ సెంటర్లో ఫిజిక్స్ క్లాసు. పదకొండుసార్లూ గదికి తాళమే. క్లాసు జరిగినట్టు వాచ్‌మన్ రిజిస్టర్ తెచ్చి వరండాలో సంతకం పెట్టించుకునేవాడు. ఆమె పెట్టేసి తిరుగు బస్సెక్కేది. చర్చి మానుకుని మరీ వెళ్లిన ఆదివారాలవి.

ఆమెది మా వీధే, ముప్ఫై ఎనిమిదేళ్లు. సిమెంటు దించిన లారీల అడుగు ఊడ్చే పని. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంది. ఇంటర్ పాసైతే ల్యాబ్ అటెండర్‌గా తీసుకుంటానని ఓ బడి హెడ్మాస్టరు మాటిచ్చారు. అన్నీ గట్టెక్కాయి, ఫిజిక్స్ ఒక్కటే మిగిలింది.

తాళం సంగతి విని నేను ఊగిపోయాను. ఊగిపోవడం నాకు అలవాటే. పై అధికారులకి అర్జీ రాస్తానన్నాను. రాయలేదు. దానికి బదులు, నేనే చెప్తాలేమ్మా, బీయస్సీ చదివాను అన్నాను. ఆ బీయస్సీకి ముప్ఫై ఏళ్లు దాటాయని మాత్రం చెప్పలేదు.

స్ప్రింగుల దగ్గరే నా పరువు సగం పోయింది. సూత్రంలో మైనస్ ఎందుకుందో చెప్పలేక నీళ్లు నమిలాను. ఆమే అందుకుంది. లోడు కిందికి నొక్కేకొద్దీ లారీ అడుగునుండే స్ప్రింగులు, ఆ కమాన్ కట్టలు, పైకి నెడతాయనీ, మైనస్ అంటే ఆ ఎదురు తోపే కాబోలనీ అంది. అదే చెప్పబోతున్నా అన్నాను.

తర్వాత ఘర్షణ. లారీ బయల్దేరుతోంది, దాని మీద బస్తా ఉంది. బస్తా మీద ఘర్షణ ఎటువైపు? నేను తడుముకోకుండా వెనక్కి బాణం గీశాను. ఘర్షణ ఎప్పుడూ కదలికకి ఎదురే అన్నాను. ఆమె ఆ బాణం మీద వేలు పెట్టింది.

"అడుగున నూనె పోసుంటే బస్తా వెనక్కి జారుద్ది కదండీ. జారకుండా ముందుకి తీసుకెళ్లేది ఘర్షణే కదా సార్. మరి బాణం ముందుకుండాలేమో?"

"పుస్తకంలో ఉన్నది చెప్తుంటే మధ్యలో నీ లారీలేంటమ్మా?"

పుస్తకం మూసే ఉంది. ప్రశ్నించే గొంతు నొక్కకండని మీటింగుల్లో మైకు పగిలేలా అరిచేది నేనే.

ఏప్రిల్లో ఆ ప్రశ్నే వచ్చింది. దానికి నాలుగు మార్కులు. ఫ్లోరెన్స్ మూడు మార్కుల తేడాతో తప్పింది. బాణం ఎటు గీశావని అడిగాను.

"మీరు గీసినట్టే గీసానండి. చదువుకున్నోళ్లు మీరు, నాదే తప్పనుకున్నా."

ఇంటికొచ్చి అప్పుడు పుస్తకం తెరిచాను. లారీ, బస్తా, ముందుకి బాణం, బొమ్మతో సహా ఉంది. రిజిస్టర్లో పదకొండు జరగని క్లాసులుంటే, పన్నెండోది నాది.

ఆ పేజీ పట్టుకెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆమె నవ్వబోయి దగ్గింది. "పోనీలెండి. ఈసారి నేనే గీసుకుంటా" అంది.

మళ్లీ పరీక్ష అక్టోబరులో. అప్పటిదాకా ఉద్యోగం ఎవరికీ ఇవ్వనన్నారు హెడ్మాస్టరు. అర్జీ ఈసారి నిజంగానే రాశాను. కింద ఆమె సంతకం, నా సంతకం ఉన్నాయి. రెండు చాలవు. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట వాళ్లంతా ఈ ఆదివారం పది గంటలకి ఆ స్టడీ సెంటర్‌కి రండి. గదికి తాళముంటే అర్జీ మీద సంతకం పెట్టండి, ఆ రిజిస్టర్లో మాత్రం ఎవర్నీ పెట్టనివ్వకండి. ఫిజిక్స్ నిజంగా వచ్చినవాళ్లు కాస్త ముందే రండి, వరండాలోనే చెబుదురుగాని. చాపలు నేను తెస్తాను. సుద్దముక్క మాత్రం నా చేతికివ్వకండి.