టార్చి మెడ మీద నెయ్యి

సెలెంగా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో వెచ్చదనమంటే కరెంటు కేంద్రం నుంచి గొట్టాల్లో వచ్చే వేడినీళ్లే. ఆ నీళ్లు కాచే బాయిలరును వెలిగించడం నొర్జ్‌మా ఉద్యోగం. పెద్ద గొంతు, దురుసు నోరు, మానలేని సిగరెట్టు. దేవతలాంటి మనిషని ఎవరూ అనరు.

ఆమె చేరిన కొత్తలో బాయిలరును మజూత్‌తో వెలిగించేవాళ్లు. తారులాంటి ఆ నల్లనూనె రైలు ట్యాంకుల్లో గడ్డకట్టి వచ్చేది. దాన్ని కరిగించడానికే సగం పొద్దు పోయేది. మంట అంటుకోగానే నొర్జ్‌మా చూపు కన్నంలోంచి చెంచాడు నెయ్యి లోపలికి విసిరేది. గుడారంలో పొయ్యి రాజేసినప్పుడల్లా వాళ్లమ్మ చేసిందీ అదే. అందులో భక్తి ఎంతో, అలవాటు ఎంతో ఆమె ఎన్నడూ తూచుకోలేదు.

తర్వాత ప్లాస్మా టార్చి వచ్చింది. తొడంత లావు గొట్టం, లోపల రెండు రాగి మొనల మధ్య ఆగకుండా మండే మెరుపు. బొగ్గు పొడి ఆ మెరుపులోంచి దూసుకెళ్తూ విచ్చిపోయి, గ్యాసు కక్కి, భగ్గుమంటుంది. చుక్క నూనె అక్కర్లేదు. మజూత్ ట్యాంకు పీకేశారు, చూపు కన్నం మూసేసి కెమెరా బిగించారు. అంతా బాగానే ఉంది గానీ, నిప్పుకు నోరు లేకుండా పోయింది. చేసేది లేక నొర్జ్‌మా టార్చి పక్కనున్న ఇనుప కమ్మీకి కాస్త నెయ్యి రాసి సరిపెట్టుకునేది.

ఒక జనవరి ఉదయం బాయిలరు ఆరిపోయింది. రెండో బాయిలరు అప్పటికే విప్పి మరమ్మతులో ఉంది. బయట మైనస్ ముప్పై అయిదు. ఊరి గొట్టాల్లో నీళ్లు గడ్డకడితే గొట్టాలు పగులుతాయి, పగిలితే వసంతం దాకా అతుకు పడదు. ఇంజనీరు బిల్గూన్ తీగలు సరిచూసుకోవడానికి కిందికి దిగాడు. నొర్జ్‌మా నెయ్యి సీసా తీసింది. కమ్మీకి రాస్తే చాలదనిపించింది. భయం పెరిగేకొద్దీ నెయ్యి కూడా పెరిగింది. సీసా అంతా టార్చి మెడ మీద, మెరుపుకు వీలైనంత దగ్గరగా వంపేసింది.

బిల్గూన్ పైకొచ్చి మీట నొక్కగానే టార్చి చిటపటమని ఆరిపోయింది. మళ్లీ నొక్కారు, మళ్లీ ఆరింది. వెలగని ప్రతిసారీ కాస్త బొగ్గు పొడి లోపల మిగిలిపోతుంది. అది పేరుకున్నాక నిప్పు తగిలితే బాయిలరు పేలుతుంది. అందుకని పంకాలు పెట్టి చల్లగాలితో ఊడ్చెయ్యాలి. ఊడ్చిన ప్రతిసారీ బాయిలరు ఇంకాస్త చల్లబడుతుంది.

"ఈ కరెంటు పెట్టె నా ప్రాణం తీసేలా ఉందక్కా," అన్నాడు బిల్గూన్, టార్చికి కరెంటిచ్చే పెట్టె విప్పి పలకలన్నీ నేల మీద పరుస్తూ. "షిఫ్టు పెద్దాయన ఇప్పుడే ఫోను చేశాడు. ఎవడి తప్పయితే వాణ్ని బూడిద గుంటలోకి పార పట్టడానికి పంపిస్తాడట."

"నువ్వు పొట్టోడివి తమ్ముడూ, ఆ గుంటలో పడితే కనపడవు," అంది గానీ నవ్వు రాలేదు.

జేబులో ఫోను మోగింది. అమ్మ. గుడారం అమ్మేసి అయిదో అంతస్తులోకి మారాక ఆవిడకున్న పొయ్యల్లా గోడకున్న ఆ వేడి గొట్టమే.

"ఒసే, గొట్టం చల్లబడిపోయిందే! నిప్పుకు పెట్టావా లేదా?"

"పెట్టానమ్మా."

"కక్కుర్తి పడి ఉంటావు."

"సీసా అంతా పోశానే తల్లీ!"

ఆ మాట తన చెవిన పడ్డాకే మాడిన నెయ్యి వాసన ఆమె ముక్కుకు తగిలింది. టార్చి మెడలో రెండు రాగి మొనల్నీ విడదీసే తెల్లటి పింగాణీ రింగు ఉంటుంది. దాని మీదే పోసింది. ఇప్పుడు చెబితే బూడిద గుంట. చెప్పకపోతే ఈ పిల్లాడు బాగున్న పెట్టెనే విప్పుతూ కూర్చుంటాడు. పంకాలు మళ్లీ ఊపందుకున్నాయి. గేజీలో ముల్లు ఇంకాస్త కిందికి జారింది.

"పెట్టె వదిలెయ్యరా. రింగు విప్పు."

"రింగెందుకు?"

"నెయ్యి పోశాను."

బిల్గూన్ ఆమె మొహంలోకి చూశాడు. "టార్చికా? అదేమన్నా చుట్టమా అక్కా!"

రింగు ఊడొచ్చింది. తెల్లటి పింగాణీ మీద మాడిన నెయ్యి నల్లగా చార కట్టింది. మొనల మధ్య ఎగరాల్సిన కరెంటు ఆ మసి చార మీదుగా సులువుగా నడిచిపోతోంది. నొర్జ్‌మా తన అరలో దాచిన వోడ్కా తెచ్చింది. అదీ నైవేద్యానిదే. గుడ్డ తడిపి, చార పోయేదాకా రుద్దింది.

రింగు బిగించి నొక్కితే టార్చి ఈసారి గుర్రుమంది. కెమెరా తెర తెల్లబడింది, తర్వాత పసుపు తిరిగింది. గేజీలో ముల్లు పైకి పాకేదాకా ఇద్దరూ అక్కణ్నించి కదల్లేదు.

సాయంత్రం షిఫ్టు పెద్దాయన వచ్చి, వసంతం దాకా ఆమెకు బూడిద గుంటే అన్నాడు. ఆ శిక్ష ఎందుకో మాత్రం ఆయన ఊరికి చెప్పలేదు, బహుశా నవ్వుతారని.

అంతకుముందే అమ్మ ఫోను చేసింది. "వెచ్చబడిందే! చూశావా, సీసా అంతా పోశావు గనకే."

"అవునమ్మా," అంది నొర్జ్‌మా, తెర మీంచి చూపు తిప్పకుండా. అక్కడ మంట ఒక్కసారి సన్నగిల్లి మళ్లీ లేచింది. ఆమె చెయ్యి దానంతటదే జేబులోని ఖాళీ సీసా మీదికి పోయింది.