తిరిగి చెప్పండిగారి విశ్రాంతి

మందుల దుకాణం పిన్నికి ఉన్న విచిత్రమైన అలవాటు ఒక్కటే. తాను చెప్పిన మాటను ఎదుటివారు పొల్లుపోకుండా అప్పజెప్పేంతవరకు వారిని కదలనిచ్చేది కాదు. “భోజనానికి ముందు ఒకటి, పడుకునే ముందు సగం. ఇప్పుడు మీరు తిరిగి చెప్పండి” అనేది. మందులు కొనేవారి సంగతి సరే. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడికీ, ఇస్త్రీ బట్టలు తెచ్చినవాడికీ ఈ పరీక్ష తప్పేది కాదు. పెళ్లికి పిలవడానికి వచ్చినవారి చేత వారి ఇంటి పెళ్లి తేదీనే అప్పజెప్పించుకునేది. వీధివారు ఆవిడకు ‘తిరిగి చెప్పండిగారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన పక్కింటాయనను పిలిచి, ఆ పేరేమిటో ఒకసారి తిరిగి చెప్పమన్నదని కూడా వినికిడి.

ఒకనాడు పుస్తకాలు రాసే పెద్దమనిషి ఒకాయన దగ్గుమందు కోసం వచ్చాడు. వెనుక ఏడెనిమిదిమంది వరుసలో నిలబడి ఉన్నారు. తిరిగి చెప్పమనగానే ఆయనకు చిన్నతనమనిపించింది.

“అమ్మా, నేను పన్నెండు పుస్తకాలు రాసినవాణ్ణి.”

“చాలా సంతోషమండీ. అంత రాసినవారికి రెండు చెంచాల మందు సంగతి చెప్పడం ఎంతసేపు? చెప్పండి.”

ఆయన చెప్పాడు. సీసాను జేబులో వేసుకుని, మరెన్నడూ ఆ దుకాణం మెట్లు ఎక్కనని వెనుకనున్నవారికి వినపడేటట్లు ప్రకటించి, మరుసటి వారమే మళ్లీ వచ్చాడు.

ఇంతటి పిన్ని తన ఒంటి సంగతి మాత్రం ఎవరికీ అప్పజెప్పేది కాదు. ఇరవై ఏడేళ్లుగా సెలవన్నది ఎరుగదు. రక్తపోటు అదుపు తప్పుతున్నదనీ, మూడు రోజులైనా ఎటైనా వెళ్లి ఊరకే కూర్చోకపోతే మంచం పట్టవలసి వస్తుందనీ డాక్టరు గట్టిగా చెప్పిన తరువాత, ఆ భారం అక్క కూతురి మీద పడింది. అక్క కూతురు ప్రయాణపు టిక్కెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఎందరినో ఎక్కడెక్కడికో పంపిన ఆ పిల్ల, సొంత పిన్నిని మాత్రం వీధి చివర దాకా కూడా పంపలేకపోయింది. రెండుసార్లు టిక్కెట్లు తీసింది. రెండుసార్లూ పిన్ని, భోజనం సంగతి తేలలేదని చెప్పి, కట్టిన పెట్టెను విప్పేసింది. హలాల్ కాని ముద్ద పిన్ని నోట పెట్టదు. అలాగని, మూడు రోజులు అరటిపళ్లు తిని పడుకోవడాన్ని విశ్రాంతి అని ఏ డాక్టరూ అనడు.

ఈసారి అక్క కూతురు కొండల నడుమ సరస్సు ఒడ్డున ఒక చిన్న అతిథిగృహాన్ని వెదికి పట్టుకున్నది. అడిగితే హలాల్ వంట చేసి పెడతారని వారి ప్రకటన కాగితంలోనే ఉన్నది. “ఇదే ఆఖరు, తల్లీ. ఇది కూడా కుదరకపోతే నన్నిక అడగకు” అన్నది పిన్ని. ఆ మాట విన్నప్పటి నుంచి అక్క కూతురికి అన్నం సహించలేదు.

పిన్ని ముందుగా విశ్రాంతికి ఒక పట్టిక తయారుచేసింది. ఆరు గంటలకు మేలుకొనుట. ఏడు గంటల పది నిమిషాలకు సరస్సును చూచుట. ఎనిమిదింటికి చూచుట ముగించుట. పదకొండింటికి ఏమియు చేయకుండుట, అరగంట. ఆ అరగంటలో ఏం చేస్తావని అక్క కూతురు అడిగితే, అదే తేలడం లేదనీ, అందుకే రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనీ పిన్ని దిగులుగా చెప్పింది.

ఆ తరువాత అతిథిగృహానికి ఫోన్లు మొదలయ్యాయి. మొదట యజమాని పలికాడు.

“మా దగ్గర అన్నీ ఉంటాయి మేడమ్, మీరేం కంగారు పడకండి.”

“అన్నీ ఉంటాయనేనండీ నా కంగారు. వంట చేసేవారికి ఇవ్వండి.”

వంటమాస్టరు వచ్చాడు. పిన్ని ఆయనకు ఐదు విషయాలు చెప్పింది. మాంసం హలాల్ దుకాణం నుంచే తేవాలి. బాణలి వేరుగా ఉండాలి. గరిటె వేరుగా ఉండాలి. పులుసుల్లో మద్యం కలిసిన సీసాలేవీ ఒంపకూడదు. తీపి వంటకం గట్టిపడటానికి జెలటిన్ పొడి వేస్తే అది ఏ జంతువు ఎముకలతో చేసినదో చూడాలి. ఇప్పుడు తిరిగి చెప్పండి, అన్నది.

“పంది మాంసం వేయకూడదు. అంతే కదమ్మా?”

“నేను ఐదు చెప్పాను, మాస్టరుగారూ. మీరు ఆరోది చెప్పారు.”

రెండో ఫోనుకు ఆయనకు రెండు విషయాలు వచ్చాయి. నాలుగో ఫోనుకు నాలుగు వచ్చాయి కాని, గరిటె జారిపోయింది. ఆరో ఫోనుకు ఐదూ వచ్చాయి. ఈలోగా యజమాని నేరుగా అక్క కూతురి ఆఫీసుకే ఫోన్ చేసి, మీ పిన్నిగారు మా మాస్టరుకు పాఠాలు పెట్టారనీ, ఆయన పొయ్యి మీద కూర మాడుతున్నా వదిలేసి ఫోనుకు పరుగెడుతున్నాడనీ, ఇది ఇలాగే సాగితే గది వేరేవారికి ఇచ్చుకోవలసి వస్తుందనీ మర్యాదగానే హెచ్చరించాడు. అక్క కూతురు క్షమాపణ చెప్పుకుని, ఇక ఫోన్ చేయవద్దని పిన్నిని బతిమాలుకున్నది. పిన్ని సరేనని, ఏడోసారి చేసింది.

ఈ విడత కొత్త పరీక్ష పెట్టింది. పులుసులో వేసే సీసా చేతిలోకి తీసుకుని, దాని మీద ఏం రాసి ఉన్నదో చదవమన్నది. మాస్టరు ఒక క్షణం ఆగి, కళ్లద్దాలు ఇంట్లో మరచిపోయానన్నాడు. మరునాడు అడిగితే ఆనాడూ మరచిపోయానన్నాడు. తొమ్మిదో ఫోనుకు, పదో ఫోనుకు కూడా కళ్లద్దాలు ఇల్లు కదలలేదు. పక్కనే కూర్చుని వింటున్న అక్క కూతురు, ఒట్టి తప్పించుకునే మనిషి దొరికాడు, ఈ ప్రయాణం కూడా పోయినట్లే అనుకున్నది.

పిన్ని ఫోను పెట్టి, చాలాసేపు గోడవంక చూసింది. తరువాత పదకొండోసారి చేసి, ఇక చదవమని అడగకుండా, ఐదు విషయాలనూ మెల్లగా మరొక్కసారి చెప్పించుకుని, మీరు చాలా బాగా చెప్పారని మెచ్చుకున్నది. పిన్ని నోట మెచ్చుకోలు రావడం అక్క కూతురు పుట్టి బుద్ధెరిగిన తరువాత అదే మొదలు.

“మరి వెళ్తావా, పిన్నీ?”

“వెళ్లకుండా ఎలా ఉంటాను?”

పెట్టె సర్దుతుంటే బట్టల కింద దుకాణం సామాను కనిపించింది: రంగు చుక్కల కాగితాలు, అంటించే చీటీలు, రెండు గట్టి కలాలు. విశ్రాంతికి వెళ్తూ ఇవెందుకని అక్క కూతురు కోప్పడింది. పిన్ని పెట్టె మూసి, దాని మీద కూర్చున్నది.

మొదటిరోజు చేరానని పిన్ని ఫోన్ చేసింది. రెండోరోజు ఉదయం చేయలేదు. పట్టిక ప్రకారం ఎనిమిదింటికి చూచుట ముగియాలి. తొమ్మిదైనా కబురు లేదు. పదయింది, పదకొండయింది. ఆఫీసులో అక్క కూతురు ఒకరి టిక్కెట్టు మరొకరికి తీసి ఇద్దరి చేతా చీవాట్లు తిన్నది. రక్తపోటు పెరిగిందో, తిండి దగ్గర పేచీ వచ్చిందో, పన్నెండింటి బస్సుకు తిరిగి వచ్చేస్తున్నదో తెలియదు. చివరకు ఒంటిగంట దాటాక ఉండబట్టలేక అతిథిగృహానికే ఫోన్ చేసింది.

“మీ పిన్నిగారా? పొద్దుటినుంచి వంటింట్లోనే ఉన్నారమ్మా” అన్నాడు యజమాని. “పాపం, ఆవిడకు చూపు బొత్తిగా ఆనదటగా? అందుకని సీసాలన్నింటికీ రంగు చుక్కలు అంటించుకుంటానంటే సరేనన్నాను. ఉండండి, మాస్టరుకి ఇస్తాను.”

అక్క కూతురు నిర్ఘాంతపోయింది. మాత్రల అట్ట మీద చీమ కాలంత అక్షరాలను అద్దాలు లేకుండా చదివే పిన్నికి చూపు ఆనకపోవడమా?

మాస్టరు ఫోను అందుకుని, యజమాని అడుగుల చప్పుడు దూరమైన తరువాత గొంతు తగ్గించాడు.

“నాకు చదువు రాదమ్మా. ఇరవయ్యేళ్లుగా అద్దాలు ఇంట్లో మరచిపోయానంటూనే నెట్టుకొస్తున్నాను. అసలు నాకు అద్దాలే లేవు. అతిథులెవరైనా ఇది మేం తినొచ్చా అని అడిగితే తినొచ్చనేవాణ్ణి, ఏం చేయను? అమ్మగారు ఫోనులోనే కనిపెట్టేశారు. యజమానితో మాత్రం ఒక్క ముక్క అనలేదు. ఆకుపచ్చ చుక్క ఉన్న సీసా వాడాలి, ఎర్రచుక్క ఉన్నది ముట్టకూడదు. వేరు బాణలి పిడికి ఆకుపచ్చ దారం. నన్ను అప్పజెప్పమంటారా?”

“వద్దులెండి మాస్టరుగారూ, నమ్ముతాను.”

“నమ్మొద్దమ్మా, వినండి. అమ్మగారు అలా ఒప్పుకోరు” అని ఆయన ఐదు విషయాలూ అప్పజెప్పాడు. గరిటె కూడా జారలేదు. పోయిన నెలలో ఒక ముసలాయన ఇక్కడ మూడు రోజులు ఒట్టి రొట్టెలు తిని వెళ్లిపోయాడనీ, ఈసారి ఆయన వస్తే కడుపునిండా పెడతాననీ చెప్పి, ఫోను పిన్నికి ఇచ్చాడు.

అక్క కూతురికి అప్పుడు, ఒకనాడు తాను మందుల దుకాణంలో కూర్చుని చూసిన వరుస కళ్ల ముందు నిలిచింది. ఆనాడు పన్నెండు పుస్తకాలు రాసినాయన వెనుక మందుల చీటీని తలకిందులుగా పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉన్నది. పిన్ని ఆవిడను మాత్రమే తిరిగి చెప్పమని ఉంటే, ఆవిడ మళ్లీ ఆ మెట్లు ఎక్కేది కాదు.

“అందుకేనా, పిన్నీ, అందరి చేతా చెప్పిస్తావు?”

“మరి ఒక్కరినే అడిగితే బాగుంటుందా?” అన్నది పిన్ని. “మధ్యాహ్నానికి చేపల కూర చేశాడమ్మా. రెండుసార్లు వడ్డించుకున్నాను.”

“సరస్సు చూశావా అసలు?”

“ఇంకా లేదు. మిరియాల డబ్బాలు మిగిలాయి.”

అక్క కూతురు కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకున్నది.

“పిన్నీ, జాగ్రత్తగా విను. ఇప్పుడే వెళ్లి సరస్సు ఒడ్డున కూర్చో. పట్టిక గదిలో వదిలెయ్. రేపు ఊరికి బయలుదేరేదాకా వంటింటి గడప తొక్కకు. ఇప్పుడు తిరిగి చెప్పు.”

ఇరవై ఏడేళ్లలో పిన్నిని ఆ మాట అడిగినవారు లేరు. 

“సరస్సు ఒడ్డున కూర్చుంటాను. పట్టిక గదిలో వదిలేస్తాను.”

“మూడోది?”

“కొండల్లో కదమ్మా,” అన్నది పిన్ని, గంట మోగినంత స్పష్టంగా, “నీ మాట సరిగ్గా వినపడటం లేదు.”