తోక మీది గాట్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను అటవీశాఖ ఫ్లయింగ్ స్క్వాడ్‌లో సెక్షన్ ఆఫీసర్‌గా వేశారు. రేంజ్ ఆఫీసర్‌కు కింద, బీట్ ఆఫీసర్లకు పైన ఉండే హోదా అది. పాతబస్తీలో రెండు తలల పాములు అమ్మేవాళ్లను పట్టుకోవడం మా పని.

ఆ పాముకు తల ఒక్కటే. మట్టిలో దూరి బతుకుతుంది కాబట్టి మెడ ఎక్కడో తెలియదు, ఒళ్లంతా ఒకే లావు. కళ్లు చిన్నవి, పొలుసులు నున్ననివి. తోక మొద్దుగా తల మాదిరే ఉంటుంది. విషం లేదు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మేవాళ్లకు అంటగట్టడానికి కొందరు తోకను కాల్చి, చెక్కి కళ్లు, నోరు దిద్దుతారు.

ఒక సాయంత్రం ఎవరో ఫోన్ చేస్తే శాలిబండలో యాదగిరి అనే మేస్త్రీని ఆపాం. సైకిల్‌కు కట్టిన పెయింట్ డబ్బాలో పాము ఉంది. దాని తోక మీద గాట్లున్నాయి.

“హుస్సేనీ ఆలంల పాత గోడ తీస్తుంటే ఎల్లింది సార్. సంపుతమంటే నేనే ఆపిన. జూల ఇద్దామని పోతున్న,” అన్నాడు.

మా బీట్ ఆఫీసర్ నవ్వాడు. “తోకకు మూతి చెక్కినవ్, ఇగ కథ గూడ చెక్కుతున్నవా అన్నా?”

“అమ్మెటోన్నయితే నడిబజార్ల సైకిల్ మీద వట్కపోతనా సార్?”

ఆ మాటలో న్యాయం ఉందని నాకు అప్పుడే అనిపించింది. అయినా పంచనామాలో ‘మనిషి పెట్టిన గాట్లు’ అని రాయించాను. పంచనామా అంటే సాక్షుల ముందు చూసింది చూసినట్టు రాయడం. నేను చూసింది గాట్లే. మిగతాది నా ఊహ. ఆ ఊహ మీదే అతన్ని రిమాండ్‌కు పంపారు. పేపర్లో ఫొటో పడింది.

పశువైద్యుడి నివేదిక వచ్చేసరికి అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు. గాట్లు పాతవి, మానినవి, ఎలుక పళ్లవి. ఆపద వస్తే ఈ పాము తలను చుట్టల కింద దాచుకుని తోక పైకెత్తుతుంది. దెబ్బలన్నీ తోకకే తగులుతాయి. ఇది మాకు శిక్షణలో చెప్పిన పాఠమే. చెక్కిన తోకలు చూసీ చూసీ ప్రతి గాటూ నాకు అలాగే కనబడింది.

కేసు మూసేశాం, అతను బయటికొచ్చాడు. కానీ మేస్త్రీకి పని దొరకాలంటే ముందు ఎవరో ఒకరు ఇంట్లోకి రానివ్వాలి. యాదగిరిని ఎవరూ రానివ్వలేదు. నివేదిక సంగతి చెప్పడానికి మాదన్నపేటలో అతని ఇంటికి వెళితే, అతను మార్కెట్‌లో కూరగాయల మూటలు మోయడానికి పోయాడన్నారు. భార్య గడప దిగలేదు.

“మా ఆయన దొంగ గాదని మాకు తెల్వదా సార్? ఫొటో చూసినోళ్ల ఇండ్లకు పోయి చెప్పుండ్రి.”

నేను ఎవరి ఇంటికీ పోలేదు. తర్వాత కొంతకాలానికి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. సాక్ష్యం చాలక కేసు వీగిపోయిందని శాఖలో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. యాదగిరి ఏ నేరమూ చేయలేదు.

గాటు కనబడితే గాటు అని రాయాలి. ఎవరు పెట్టారో తెలియకపోతే, తెలియదని రాయాలి.