గుమ్మం ముందు ఒక జత బూట్లు

మొన్న బుధవారం పొద్దున నర్సింలు పోయాడు. నేను కంపెనీ బస్సు దిగి గేటు వైపు నడుస్తుంటే అతని షిఫ్టులో పనిచేసే ఒడిశా కార్మికుడు ఎదురొచ్చాడు. తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని, "నర్సింలు భాయ్ చలే గయే, సాబ్" అన్నాడు. దవాఖాన నుంచి ఇంకెక్కడికో వెళ్లాడేమో అన్నట్టు "ఎక్కడికి?" అని అడిగాను. అడిగాక గానీ అర్థం కాలేదు. అతను ఆదివారం దాకా ఉంటాడని డాక్టరేమీ చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఆదివారం నెరవేరుస్తానని అతనికొక మాట ఇచ్చి ఉన్నాను.

మర్నాడు బొంతపల్లి శివార్లలో పూడ్చిపెట్టాం. మన కూడిక తరఫున మాట్లాడిన పెద్ద, మంచి మనసుతోనే, "మన సోదరుడు యౌవనంలో ఒకసారి జారిపడినా, ప్రభువు అతన్ని మన్నించి దగ్గరకు తీశాడు" అన్నాడు. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. ఇంటికొచ్చినా ఆ వాక్యం నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నర్సింలు జారిపడలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఫిజీ దీవుల్లో నియమం తప్పినవాడిని నేను. అబద్ధం చెప్పినవాడినీ నేనే. శిక్ష అతనికి పడింది.

అతన్ని ఎరగనివారి కోసం మొదటినుంచి చెబుతాను. మా నాన్న తెనాలి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా వచ్చి స్థిరపడ్డాడు. నర్సింలుది బొంతపల్లి. తండ్రి లేడు. తల్లి బాలమ్మ మందుల కంపెనీలో ఊడ్చే పని చేసేది. పటాన్‌చెరు బజారులో, బట్టల దుకాణం పైన కిరాయి హాల్లో మోర్మన్ విశ్వాసుల కూడిక జరిగేది. అక్కడే మేము స్నేహితులమయ్యాం. ఆ సంఘంలో ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు రెండేళ్లపాటు ఇల్లూ చదువూ వదిలి, ఎక్కడికి పంపితే అక్కడికి సేవకు వెళతారు. మమ్మల్నిద్దరినీ ఫిజీకి పంపారు. అక్కడ భారత సంతతివారు చాలామంది, మన హిందీ అక్కరకొస్తుందని అనుకుని ఉంటారు.

బయలుదేరే ముందు అతను తెల్ల చొక్కా, టై, గుండెమీద "ఎల్డర్ నర్సింలు" అని రాసిన నల్ల పట్టీతో తల్లి ముందు నిలబడ్డాడు. నేనక్కడే ఉన్నాను.

"ఏందిరా గది?" అందామె.

"ఎల్డర్ అంటే పెద్దోడు అన్నట్టమ్మా."

"బోరింగు కాడికి పోయి బిందెడు నీళ్లు తేనోడు పెద్దోడయిండా! మీసమన్న మొలవనియ్యి ఫస్టు." ఆ మాట అంటూనే పట్టీని కొంగుతో తుడిచి సరిచేసింది. ఆమె అంత గర్వంగా నిలబడటం నేను మళ్లీ చూడలేదు.

మా ఇంట్లో అలా జరగలేదు. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "వెళ్లేవాడివి వెళ్లు. సగంలో తిరిగొచ్చి నలుగురిలో నా పరువు తీశావంటే మాత్రం ఈ మెట్లు ఎక్కొద్దు" అన్నాడు.

ఫిజీలో మా రోజులన్నీ ఒకే తీరుగా గడిచేవి. ఆరున్నరకు లేవడం, ప్రార్థన, చదువు, తర్వాత చెరకు తోటల మధ్య మట్టి దారుల్లో సైకిళ్లు. తలుపు తట్టడం, "ఇప్పుడు వద్దు" అనిపించుకోవడం, పక్క తలుపు తట్టడం. సోమవారం బట్టలు ఉతుక్కుని ఇంటికి ఉత్తరం రాసేవాళ్లం. ఏడాదికి రెండుసార్లే ఫోను. సినిమా, టీవీ, పాటలు లేవు. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. సేవలో ఇద్దరిద్దరు జంటగా తిరగాలి, జంటలో ఒకరు ఇంకొకరి కంటికి దూరం కాకూడదు. స్నానాల గదికి తప్ప ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు. ఆడవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లో ఒక్కడే కూర్చోవడం అసలే కూడదు. అక్కడి ఇళ్లలో బూట్లు గుమ్మం బయట విడుస్తారు. రెండు జతల నల్ల బూట్లు కనిపిస్తే మేము లోపల ఉన్నామని వీధంతా తెలిసేది.

నర్సింలు హిందీ విని అక్కడివాళ్లు పడిపడి నవ్వేవారు. మన బజారు హిందీ కదా, అవుననడానికి "హౌ", వద్దనడానికి "నక్కో" అనేవాడు. పిల్లలు వెనకబడి "నక్కో ఎల్డర్, నక్కో ఎల్డర్" అని అరుస్తుంటే సైకిలు ఆపి వాళ్లతోపాటు తనూ అరిచేవాడు. నాకు సిగ్గేసేది.

అక్కడొక ముసలామె ఉండేది. ఆమె తాతల కాలంలో మన తెలుగువాళ్లను చెరకు కోతకు ఓడల్లో తీసుకుపోయారు. ఆమెకు మిగిలిన తెలుగు పది మాటలకు మించదు. రా, కూచో, నీళ్లు, అన్నం, అయ్యో. మా బోధ ఆమెకు పట్టలేదు. నర్సింలు మాత్రం రోజు విడిచి రోజు అక్కడికి వెళదామనేవాడు. వెళ్లి కట్టెలు కొట్టేవాడు, నీళ్లు మోసేవాడు, తర్వాత ఎదురుగా కూర్చుని ఆ పది మాటలే మార్చి మార్చి మాట్లాడేవాడు. నేను జంటలో పెద్దవాడిని. ఎందరికి బోధించామో ప్రతివారం మా సేవ చూసే అధికారికి రాయాల్సింది నేనే.

"ఈమె బాప్తిస్మం తీసుకోదు నర్సింలూ. ఈ సమయం వృథా" అన్నాను ఒకరోజు.

"తీస్కోకుంటే ఏమన్నా? ఆమెకు బాప్తిస్మం కాదు, 'అన్నం తిన్నవా' అని అడిగేటోడు కావాలె. నువ్వు రాస్కో, ఇయ్యాల ఎవలకు చెప్పలేదు, ఒకామెను అడిగినం అని."

అలా నేను రాయలేదు.

పద్నాలుగో నెలలో మన క్రికెట్ జట్టు న్యూజీలాండులో ఆడుతోంది. అక్కడ ఆట జరిగే వేళకు మాకూ పగలే. ముసలామె ఇంటి పక్క సందులో ఒక గుజరాతీ దుకాణం, అందులో టీవీ. ఏడాదికి పైగా స్కోరు కూడా తెలియకుండా ఉన్నవాడిని. ముసలామెకు జ్వరంగా ఉంది. అతను తడిబట్ట వేస్తున్నాడు. "పది నిమిషాల్లో వస్తాను" అన్నాను. "పోకన్నా. జంటగా వచ్చినం, జంటగా పోదాం" అన్నాడు. నేను బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాను. రెండు గంటలు నిలబడి చూశాను. ఈలోగా ముసలామె మనవరాలు పనినుంచి ఇంటికొచ్చింది. ఆ దారినపోతూ అక్కడి మా కూడిక మనిషి ఒకాయన గుమ్మం ముందు ఒకే జత బూట్లు చూశాడు. లోపల ఒక యువతి గొంతు విన్నాడు. మా అధికారికి ఫోను చేశాడు.

రెండు రోజుల తర్వాత ఆ అధికారి కారులో వచ్చి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి ముందు నన్నే అడిగాడు, ఆ మధ్యాహ్నం ఎక్కడున్నావని. నాకు మా ఇంటి మెట్లు గుర్తొచ్చాయి. "నేను స్నానం చేసి వచ్చేసరికి ఎల్డర్ నర్సింలు లేడు. సాయంత్రం దాకా వెతికాను" అన్నాను. నర్సింలు నా వైపు చూశాడు. కోపంగా కాదు. నా మాట ఇంకా పూర్తికాలేదన్నట్టు, మిగిలింది చెబుతానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. ఆయన, "నువ్వేమైనా చెప్పదలిచావా?" అని అడిగితే, "ఆయన చెప్పేదే నాది గూడ" అన్నాడు.

అతన్ని ఇంటికి పంపేశారు. విమానాశ్రయం దాకా కూడా ఒంటరిగా పోకూడదు కాబట్టి తోడు నేనే వెళ్లాను.

"ఎందుకు ఊరుకున్నావురా?" అన్నాను.

"నువ్వే చెప్తవనుకున్న. ఇంక గూడ అనుకుంటున్న. నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టయితది. నువ్వు చెప్తే నువ్వు చెప్పినట్టయితది. నీకెప్పుడు చెప్పబుద్ధయితే అప్పుడు చెప్పు. జల్దీ ఏం లేదు." నవ్వి, పెట్టె ఎత్తుకుని లోపలికి పోయాడు.

మన హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. రెండేళ్ల సేవ పూర్తిచేసినవారి ఫొటో గోడకు తగిలిస్తారు. నేను పూర్తిచేసి వచ్చాను కాబట్టి నాది పెట్టారు. నాకున్న మంచి ఫొటోలో మేమిద్దరం ఉన్నాం. అతని సగం కత్తిరించేసి నాది ఇచ్చాను. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా నా ఎడమ భుజం మీద అతని నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలు స్పష్టంగా కనిపిస్తుంది. అవి ఎవరివని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

అతని కథ మాత్రం ఊరంతా తెలుసు. ఫిజీలో ఎవతెనో పట్టుకుని దొరికిపోయాడని. కూడికలోనే కుదిరిన సంబంధం తప్పిపోయింది. మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు. బాలమ్మ రెండేళ్లపాటు అతనితో సరిగా మాట్లాడలేదు. ఆ తెల్ల చొక్కాలు చింపి మసిగుడ్డలు చేసింది. నాకు అక్కడ అబ్బిన ఇంగ్లీషుతో జిన్నారం దగ్గరి కంపెనీలో స్టోర్స్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు అదే కంపెనీకి అతను డ్రమ్ములు దింపే కాంట్రాక్టు పనికి వచ్చాడు. క్యాంటీనులో ఎదురైతే, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, "ఏమన్నా, ఇంక యాదికొస్తలేదా?" అనేవాడు. అందులో ఎత్తిపొడుపు ఉండేదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆదివారం అతని బట్టలకు మందుల వాసన అంటుకుని ఉండేది. పక్కవారు జరిగి కూర్చునేవారు. అందుకని చివరి వరుసకు పోయాడు. ఆరేళ్లు ఆ కూడికకు నేనే పెద్దగా ఉన్నాను. ముందు నిలబడి సత్యం గురించి ఎన్నోసార్లు మాట్లాడాను. ప్రతిసారీ చివరి వరుస నుంచి తలెత్తి వినేవాడు.

జంటను వదిలిపోయాడని పేరు పడినవాడు ఎవరినీ వదిలిపెట్టలేదు. బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు జబ్బు చేస్తే సంగారెడ్డి దవాఖానకు ఒంటరిగా పంపేవాడు కాదు. షిఫ్టు పోగొట్టుకుని వెంట వెళ్లేవాడు. "మనిషి ఎంబడి మనిషుండాలె. మందులు తర్వాత" అనేవాడు. చివరికి అతని ఊపిరితిత్తులే చెడ్డాయి. మంచం చుట్టూ ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కూలీలు ఉండేవారు. చూడటానికి వచ్చి గంటలో లేచిపోయినవాడిని నేనే.

ఆఖరిసారి దవాఖానకు వెళ్లినప్పుడు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి అడిగాడు.

"అన్నా, ఎవలకు చెప్పకున్నా సరే. మా అమ్మకొక్కదానికి చెప్పు. నేనుండంగ చెప్పు."

"ఆదివారం చెబుతాను. కూడిక అయ్యాక నేరుగా మీ ఇంటికే వెళతాను."

"హౌ. ఆదివారం" అని కళ్లు మూసుకున్నాడు. అది సోమవారం. బొంతపల్లికి దవాఖాన నుంచి గంట ప్రయాణం.

మాటిచ్చిన ఆదివారం వెళ్లాను. అతను లేని ఇంటికి. బాలమ్మ మంచంలో కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. క్రికెట్టు, బూట్లు, అబద్ధం, అన్నీ.

"అన్నం పెట్టినప్పుడల్ల ఒక మాట అన్న, ప్రసాదూ. ఎవతి కోసం ఇజ్జత్ తీసుకున్నవ్‌రా అని. ఇరవై రెండేండ్లు. వాడు నవ్వుకుంట తినెటోడు. ఇయ్యాల నువ్వొచ్చి వాడు తప్పు చెయ్యలేదంటున్నవ్. నేనన్న మాటలు ఇగ నేనేడ పెట్టుకోవాలె?"

"ఇప్పటికైనా చెప్పాలనిపించింది పెద్దమ్మా" అన్నాను.

"చెప్తే వాడుండంగ చెప్పాలె. లేకుంటే నేను గూడ పోయినంక చెప్పుకోవాలె. నడుమల తెచ్చి నా నెత్తిన పెట్టినవ్."

ఈ నిజం రాయడం వల్ల ఏదో చక్కబడుతుందని ఈ వ్యాసం చదివేవారు అనుకోవద్దు. ఏదీ చక్కబడలేదు. తప్పిపోయిన సంబంధం, చివరి వరుస, చింపిన చొక్కాలు అలాగే ఉన్నాయి. బతికున్న ఒక తల్లికి కొత్త దుఃఖం చేరింది. ఆరుపదులైనా నిండని వయసులో, నలభై అయిదేళ్లకే, మన మధ్యనుంచి పోయినవాడు ఎలాంటివాడో మనకు తెలియలేదు. తెలియకుండా చేసినవాడిని నేను. అతనికి అర్పించడానికి నా దగ్గర ఈ నిజం తప్ప మరేమీ లేదు. అదీ ఆలస్యమైంది.

లేచేముందు ఒక్క మాట అన్నాను. "హాల్లో గోడ మీది నా ఫొటో తీసేస్తాను పెద్దమ్మా. అక్కడ ఉండే అర్హత నాకు లేదు."

ఆమె చప్పున తలెత్తింది.

"తియ్యకు. నీ భుజం మీద ఉన్నయి నా కొడుకు వేళ్లు. ఆ వంకర వేలు నాకెరుక లేదనుకున్నవా? వాని తోటి మంచిగ మాట్లాడని ఆ దినాలల్ల గూడ ఐతారమైతారం కూడికకు గవి సూసెటందుకే వచ్చిన. నువ్వు తీస్తే వాడు ఆడ గింత గూడ ఉండడు."

ఫొటో తీయలేదు. వచ్చే ఆదివారం కూడా నేను ఆ గోడ కిందే కూర్చుంటాను. ఫొటోలో నన్ను చూసేవారు నా ముఖం చూడకండి. కాస్త కిందికి, ఎడమ భుజం మీదికి చూడండి.